తప్పిపోవుటకు పూర్వానుమతి

పెదపాటి భీమలింగానికి దేవుడు ధారాళంగా ఇచ్చిన విద్య ఒక్కటే. అది దారి తప్పడం.

కాకినాడలో తూనికలు కొలతల శాఖలో సీనియర్ అసిస్టెంటు ఆయన. ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఉన్నవి రెండు మలుపులు. ఇరవయ్యేళ్ళుగా ఆ రెండింటిలో ఏదో ఒకటి ఆయన్ని మోసం చేస్తూనే ఉంది. ఒకసారి స్నేహితుడి కూతురి పెళ్ళికని బయల్దేరి, పక్కవీధి కల్యాణ మండపంలో దూరి, ముక్కూ మొహం తెలియని దంపతుల మీద అక్షింతలు వేసి, రెండో బంతిలో కూర్చుని పులిహోర మారు వడ్డించుకుని, పెళ్ళికొడుకు మేనమామతో ఆ యేటి వానల గురించి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. పెళ్ళి ఘనంగా చేశారని భార్యకు చెప్పాడు కూడా. మర్నాడు ఆ స్నేహితుడు ఫోను చేసి, "ఏరా, ఎందుకు రాలేదు?" అని అడిగాక గాని సంగతి తేలలేదు.

ఇలాంటి కథలన్నీ ఆఫీసులో మొదట చెప్పేది భీమలింగమే. తన మీద జోకు తనే వేసుకుంటే ఎదుటివాళ్ళకు ఆ శ్రమ తప్పుతుందనీ, వాళ్ళు వేసినప్పటికంటే నొప్పి తక్కువనీ ఆయన చిన్నప్పుడే గ్రహించాడు. కాని ఆఫీసులో ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. చిన్నప్పుడు ఆయనకు అడవుల్లో తిరిగే అన్వేషకుడు కావాలని ఉండేది. నడుముకు కత్తి, మెడలో దుర్భిణి, ఇంతవరకు మనిషి కాలు పెట్టని లోయ. ఆ మాట తల్లికి చెబితే, "ముందు కొట్టుకెళ్ళి బెల్లం పట్రా" అంది. ఆయన వెళ్ళాడు. సాయంత్రం ఎవరో పక్క ఊరి నుంచి సైకిలు మీద దిగబెట్టారు. చేతిలో బెల్లం ఉంది. అన్వేషణ గురించి మళ్ళీ నోరెత్తలేదు.

యాభై దాటాక ఆ పిలుపు వచ్చింది. పొద్దున్నే ఆయన గడ్డం గీసుకుంటూంటే భార్య సత్యవేణి పేపరు చదివి వినిపిస్తోంది. చదువుతూ చదువుతూ ఆగింది.

"ఏవండీ, ఇదేదో మిమ్మల్ని ఎదురుగా కూచోబెట్టుకుని రాసినట్టుంది."

జరిగిందేమిటంటే, పైస్థాయి పెద్దమనిషి ఒకాయన ఏదో దేశం వెళ్ళి, అక్కడ కూడలిలో అన్వేషకుడి విగ్రహం చూసి, మనకెంతమంది అన్వేషకులున్నారని అడిగారు. ఒక్కరూ లేరని తేలింది. వెంటనే కమిటీ పడింది. ప్రపంచంలోని అన్వేషకులందరి చరిత్రా చదివి ఆ కమిటీ ఒక నిర్ణయానికి వచ్చింది. దారి తెలిసినవాడు తెలిసిన చోటికే వెళతాడు. కొత్త చోటికి చేరినవాళ్ళంతా దారి తప్పినవాళ్ళే. కనుక రాష్ట్రానికి కావలసింది దారి తప్పేవాళ్ళు. జిల్లాకొక అరణ్యాన్వేషణ శిక్షణా సంస్థ ఏర్పాటైంది. అభ్యర్థులు 'సహజ దిగ్భ్రమ' కలిగి ఉండవలెనని ప్రకటన వెలువడింది. ప్రభుత్వోద్యోగులకు డెప్యుటేషను సౌకర్యం కూడా ఉంది.

ప్రకటన వచ్చిన వారానికే కాకినాడలో కోచింగ్ సెంటర్లు తెరిచారు. కుర్రాళ్ళను కళ్ళకు గంతలు కట్టి ఆటోల్లో తిప్పి ఎక్కడెక్కడో దింపేసేవారు. భీమలింగం కూడా ఒక సెంటరులో చేరదామని బయల్దేరాడు గాని, అది ఎక్కడుందో దొరకలేదు.

ఇంటర్వ్యూ చింతలమెరకలో జరిగింది. సంస్థ భవనం అక్కడే, మన్యం కొండలు మొదలయ్యే చోట ఉంది. అభ్యర్థులు కింది హాల్లో కూర్చోవాలి. పేరు పిలవగానే మేడమీద గదికి రావాలి. పరీక్ష అదేనని ఎవరికీ చెప్పలేదు. గదికి చేరినవాళ్ళందరికీ డైరెక్టరు కమలాకరం గారు నమస్కారం పెట్టి, "మీరు వచ్చేశారు. ఇక వెళ్ళవచ్చును" అని పంపించేశారు. కోచింగ్ తీసుకున్నవాళ్ళు మెట్ల మీద నాటకీయంగా తచ్చాడుతూ దొరికిపోయారు.

భీమలింగం పేరు పిలిచినప్పుడు హాల్లో లేడు. చెయ్యి కడుక్కుందామని లేచి వెళ్ళాడు. మధ్యాహ్నానికి బోర్డు సభ్యులు జీపు వేసుకుని వెతకడానికి బయల్దేరారు. రెండు వీధుల అవతల నర్సుల హాస్టలు వంటింట్లో దొరికాడు. వంటావిడ పక్కన పీట మీద కూర్చుని ఆనపకాయ చెక్కు తీస్తున్నాడు.

"తమరిక్కడికి ఎటుల వచ్చితిరి?" అని అడిగారు కమలాకరం గారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

"అది తెలిస్తే వెనక్కొచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు భీమలింగం దీనంగా.

డైరెక్టరు గారు సభ్యులవైపు తిరిగారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "విన్నారా. ఇందులో కల్పన లేదు, శ్రమ లేదు. దీన్ని తయారుచేయలేం. ఇది పుట్టుకతో రావలసినది."

యాభై ఒక్కేళ్ళలో భీమలింగం తప్పును చూసి కళ్ళు తుడుచుకున్న మొదటి మనిషి కమలాకరం గారు. ఆ రాత్రి బస్సులో కాకినాడ తిరిగి వస్తూ భీమలింగం కిటికీ అద్దంలో తన మొహం చాలాసేపు చూసుకున్నాడు. నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది గాని, దానికి పేరు పెట్టడానికి సిగ్గేసింది.

మొదటి ర్యాంకుతో శిక్షణలో చేరాడు. కమలాకరం గారు అంతకుముందు మత్స్యశాఖలో పనిచేసినవారు. అన్వేషణకూ చేపలకూ సంబంధమేమిటని ఎవరూ అడగకముందే, చేప కూడా దారి తెలియకుండానే ఈదుతుందని ఆయనే మొదటి ఉపన్యాసంలో చెప్పేశారు. "అన్వేషణ అనునది గమ్యరహిత గమనము. గమ్యమున్నచో అది ప్రయాణము. ప్రయాణమునకు ప్రత్యేక శాఖ కలదు."

రెండో ఉపన్యాసం భద్రతాధికారి దొరబాబుది. వెడల్పాటి అరచేతుల మనిషి, నిదానంగా మాట్లాడతాడు.

"చూడండి. ఈ సంస్థలో పూర్వానుమతి లేకుండా ఎవ్వరూ తప్పిపోకూడదు. ఎక్కడ తప్పిపోతారు, ఎప్పుడు తప్పిపోతారు, ఏ దారిన తిరిగొస్తారు, ఈ మూడూ ముందురోజు సాయంత్రానికి నాకు చెప్పాలి."

భీమలింగం చెయ్యెత్తాడు. "ఎక్కడ తప్పిపోతానో ముందే తెలిస్తే అది తప్పిపోవడం ఎలాగవుద్దండీ?"

"అది సిద్ధాంతం. సార్ గారి క్లాసులో అడగండి. నాది భద్రత."

సార్ గారి క్లాసులో అడిగితే, "అది భద్రత" అన్నారు.

అసలు చిక్కు అడవి దగ్గర వచ్చింది. అడవిలోకి వెళ్ళాలంటే అటవీ శాఖ వారు కారణం అడుగుతారు. కలప, తేనె, పరిశోధన, దైవదర్శనం వంటి కారణాలకు వాళ్ళ దగ్గర వీలుంది. తప్పిపోవడానికి లేదు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు తేలేదాకా సంస్థ ఒక జీడిమామిడి తోటను కౌలుకు తీసుకుంది. దానికి 'అభ్యాసారణ్యము' అని బోర్డు పెట్టారు. చుట్టూ ముళ్ళకంచె వేసి, ప్రతి చెట్టుకూ నంబరు పలక కొట్టారు. ఎలుగుబంటి పోస్టు మంజూరైంది గాని భర్తీ కాలేదు. అందుచేత రోజూ పది గంటలకు దొరబాబు ఈల వేస్తే, శిక్షణార్థులు ఎలుగును మనసులో ఊహించుకుని పరుగెత్తాలి. దాహం గురించి వారం రోజుల పాఠం ఉండేది. మధ్యలో మజ్జిగ ఇచ్చేవారు.

అన్నిటికంటే కఠినమైన నియమం గేటు మీదే పెద్దక్షరాల్లో రాసి ఉండేది. 'శిక్షణార్థులు ఎట్టి పరిస్థితులలోనూ ఎవరినీ దారి అడగరాదు. అడిగినచో చెప్పెదరు.'

మొదటి నెల భీమలింగానిది వైభవం. నంబర్లు వేసిన చెట్ల మధ్య, కంచె లోపల, పట్టపగలు ఆయన తప్పిపోయే తీరు చూడడానికి పక్క జిల్లాల నుంచి అధికారులు వచ్చేవారు. కంచెకు అవతల కూడా ఒకసారి దొరికాడు. కంచె ఎలా దాటాడో ఆయనకూ తెలియదు. కమలాకరం గారు ఆ ముళ్ళతీగను శాలువాతో తుడిపించి అద్దాల బీరువాలో పెట్టించారు.

తరువాత జరగరానిది జరిగింది. ఒక మధ్యాహ్నం భీమలింగం తోటలోంచి తిన్నగా నడిచి, ఎవరి సాయమూ లేకుండా, వేడి చల్లారకముందే భోజనాల దగ్గరికి వచ్చేశాడు. ఏదో పొరపాటనుకున్నారు. మర్నాడు కూడా వచ్చాడు. రోజూ అదే తోటలో తిప్పితే ఎద్దుకైనా దారి తెలుస్తుంది. మనిషి కనుక భీమలింగానికి కొంచెం ఎక్కువ కాలం పట్టింది, అంతే. కుంటి కొమ్మ చెట్టు, దాని పక్కన చీమల పుట్ట, అక్కణ్ణించి ఎడమకు. ఇలా చోటు గుర్తుండడం ఆయన బతుకులో అదే మొదలు. మొదట భయం వేసింది. తరువాత రహస్యంగా ఆనందం వేసింది. ఆ తరువాత సంజాయిషీ నోటీసు వచ్చింది.

కమలాకరం గారు గదిలోకి పిలిచారు. కోపంగా లేరు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టున్నారు.

"భీమలింగం గారూ, మీమీద ఎన్ని ఆశలు పెట్టుకొంటిమి."

"కావాలని చెయ్యలేదండీ. దానంతటదే తెలిసిపోయింది."

"అట్లే మొదలగును. ఈ దినము తోట, రేపు ఊరు. పిమ్మట పటము చూడసాగెదరు." ఆయన నిట్టూర్చారు. "ఈ విషయము మన మధ్యనే ఉండనిండు. మీరు మరల తప్పిపోగలరని నా విశ్వాసము. తప్పిపోలేకపోయినచో మాతృశాఖకు పంపక తప్పదు."

ఆ రోజు నుంచి భీమలింగం నటించడం మొదలుపెట్టాడు. యాభయ్యేళ్ళు దారి తెలియకపోయినా తెలిసినట్టు మొహం పెట్టుకుని తిరిగాడు. ఇప్పుడు తెలిసి కూడా తెలియనట్టు పెట్టాల్సి వచ్చింది. ఇది ఎక్కువ కష్టం. నిజంగా తప్పినవాడు ధీమాగా నడుస్తాడు. కంగారు పడేది దారి అనుమానంగా తెలిసినవాడే. ఈ సూక్ష్మం తెలిసిన మనిషి సంస్థలో ఆయనొక్కడే కాబట్టి ఆయన నటన అద్భుతంగా వచ్చింది. ఆఖరికి 'దిగ్భ్రమ ముఖకవళికలు' అనే పాఠం మిగతావాళ్ళకు ఆయన చేతే చెప్పించారు. అద్దం ముందు నిలబడి కనుబొమలు ఎక్కడ ఆపాలో నేర్పుతూ, తను అన్వేషకుడా, వేషగాడా అని భీమలింగం తనని తానే ప్రశ్నించుకునేవాడు. జీతం వచ్చే చోట ఈ ప్రశ్న ఎక్కువసేపు నిలవలేదు.

ఒక ఆదివారం సత్యవేణి చూడడానికి వచ్చింది. జంతికలూ, ఉతికిన చొక్కాలూ తెచ్చింది. భీమలింగం బస్టాండుకు ఎదురెళ్ళి తీసుకొచ్చి, తోట చూపించి, హోటల్లో టిఫిను పెట్టించి, అడ్డదారిన మళ్ళీ బస్టాండుకు చేర్చాడు. ఒక్క చోట ఆగలేదు, ఒక్క సందు తప్పలేదు. ఆయనకు అది గొప్ప కానుకలా అనిపించింది. ఆమె మాత్రం హోటలు దగ్గర్నుంచీ మాట్లాడడం మానేసింది.

"ఏమైంది వేణీ?"

"ఏం లేదండి. బాగా నేర్పారు."

"మరి ఆ మొహమేంటి?"

ఆమె బస్సెక్కి, చీర కొంగుతో సీటు దుమ్ము దులిపి కూర్చుంది. "పెళ్ళైన కాణ్ణించీ మీకంటే అరడుగు ముందు నడవడం అలవాటైపోయింది. ఇయ్యాల మీరు ముందు నడుస్తుంటే నా కాళ్ళకి పనేంటో తెలియలేదు."

భీమలింగం జోకు వేద్దామని నోరు తెరిచేలోగా బస్సు కదిలిపోయింది.

వానలు వెనకబట్టాక అడవి అనుమతి వచ్చింది. ఒక్క రోజు, చీకటి పడేలోగా తిరిగి రావాలి. కమలాకరం గారు దాన్ని స్నాతక మహాయాత్రగా ప్రకటించారు. మొదటి అన్వేషణ గనక దేన్ని కనుక్కోవాలన్నది పైవారితో సంప్రదించి ముందే ఖరారు చేశారు. కొండల్లో ఒక జలపాతం ఉంది. ఆదివారాలు జనం అక్కడ పకోడీలు తింటూ స్నానాలు చేస్తారు. అందుచేత మంగళవారం కనుక్కోవాలని నిశ్చయించారు. కమలాకర జలపాతమని శిలాఫలకం కూడా చెక్కించారు. ప్రధానాన్వేషకుడు భీమలింగం. వెనుక డైరెక్టరు గారు, ఒక ఫొటోగ్రాఫరు, ఫలకం మోసే మనుషులిద్దరు. దొరబాబు మోకాళ్ళ నొప్పులవల్ల జీపు దగ్గరే ఉండిపోయాడు గాని, భద్రత మరిచిపోలేదు. ముందురోజే వచ్చి దారి పొడవునా చెట్ల మీద సున్నంతో బాణాలు గీయించాడు.

మొదటి బాణం చూడగానే భీమలింగానికి ఒళ్ళు జల్లుమంది. అది ఎడమకు చూపిస్తోంది. వెనుక ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి పట్టుకున్నాడు. మహా దిగ్భ్రాంతుడైన ప్రధానాన్వేషకుడు బాణం చూసి నడిచాడని పేపర్లో పడితే ఇంకేముంది. కనుబొమలు పాఠంలో చెప్పినచోట ఆపి, కుడికి తిరిగాడు. రెండో బాణం కుడికి ఉంటే ఎడమకు తిరిగాడు. కమలాకరం గారు వెనుక నుంచి మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నారు. అలా కొన్ని బాణాలకు ఎదురు తిరిగాక, బాణాలు లేకుండా పోయాయి. కాలిబాట కూడా లేదు. వెదురు పొదలు, బండలు, ఎటు చూసినా ఒక్కలాంటి పచ్చదనం.

భీమలింగం ఆగాడు. ఎటు నుంచి వచ్చాడో, ఎటు వెళ్ళాలో బొత్తిగా తెలియలేదు. ఆ తెలియకపోవడంతో ఆయనకు చిన్ననాటి పరిచయం. బెల్లం చేతిలో పట్టుకుని పక్క ఊళ్ళో నిలబడ్డ సాయంత్రం ఉన్నది అదే. ఇన్ని నెలల తరువాత పాత స్నేహితుడు ఎదురై భుజం తట్టినట్టయింది.

"అద్భుతము" అన్నారు కమలాకరం గారు. ఫొటోగ్రాఫరు కాస్త దూరం వెళ్ళాక దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "భీమలింగం గారూ, ఇది నటనే కదా?"

"కాదండి. ఇది నిజమే."

ఆయన మొహం తెల్లబడింది. "నిజమే అనగా, పూర్తిగా?"

"పూర్తిగానండి."

కమలాకరం గారి భాషలోంచి మొట్టమొదటిసారి గ్రాంథికం రాలిపోయింది. "మరిప్పుడెలాగయ్యా?"

ఎలాగో ఎవరికీ తెలియదు గనక నడిచారు. ఫలకం మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటూ మోశారు. బండ మీద జారి ఫొటోగ్రాఫరు చీలమండ మడతపడింది. అతన్ని భీమలింగం భుజానికి ఆనించుకున్నాడు. మధ్యాహ్నం దాటింది, పడమట మబ్బు కమ్మింది. తెచ్చుకున్న మజ్జిగ ఎప్పుడో అయిపోయింది. దాహం పాఠంలో దాహం వేస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. లక్షణాలు మాత్రమే చెప్పారు. అవన్నీ సరిగ్గా ఉన్నాయని భీమలింగం గమనించాడు.

అప్పుడు ఎదురుగా పొదలు కదిలాయి. అందరూ బిగుసుకుపోయారు. పొదల్లోంచి ఒక టోపీ వచ్చింది. దాని కింద లావుపాటి మనిషి, ఆయన వెనుక ఇంకో నలుగురు. వాళ్ళ దగ్గర కూడా ఒక శిలాఫలకం ఉంది.

లావుపాటి మనిషి వీళ్ళను చూసి చెయ్యెత్తి ప్రకటించాడు. "అరణ్యగర్భమందు మానవ సంచారమును కనుగొంటిమి."

"కనుగొన్నది మేము" అన్నారు కమలాకరం గారు. తరువాత కళ్ళు చిట్లించారు. "సర్వేశ్వరరాజు కాదూ?"

పక్క జిల్లా సంస్థకు డైరెక్టరు ఆయన. మత్స్యశాఖలో ఒకప్పుడు కమలాకరం గారి కింద పనిచేశాడు. ఆ యాత్ర కూడా అదే మంగళవారం, అదే జలపాతానికి బయల్దేరి, శాస్త్రోక్తంగా దారి తప్పింది. ఒకరినొకరు గుర్తుపట్టాక కుశల ప్రశ్నలు వేసుకుంటారనీ, నీళ్ళుంటే పంచుకుంటారనీ భీమలింగం ఆశపడ్డాడు.

"మీరు మా జిల్లాలో ఉన్నారు" అన్నాడు సర్వేశ్వరరాజు.

"ఆ సంగతి మీకు తెలిసినచో మీరు దారి తప్పనట్టే. కాబట్టి మీరు అన్వేషకులు కారు" అన్నారు కమలాకరం గారు.

సర్వేశ్వరరాజు వెంటనే మాట మార్చాడు. "అయినచో మేమెక్కడ ఉన్నామో మాకు తెలియదు."

"మాకు అంతకంటే తెలియదు."

ఎవరికి ఎక్కువ తెలియదనే దాని మీద ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి రెండు ఫలకాలనూ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరినొకరు కనుక్కున్నట్టు ఫొటోలు తీయించుకున్నారు. రెండు జలపాతాల పేర్లు పొడి నేల మీద ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఫొటోగ్రాఫరు ఒంటికాలి మీద నిలబడి ఫొటో తీశాడు. మొదటి చినుకు అతని కెమెరా మీద పడింది.

ఆ పక్కన ఎక్కడో ఆవు మెడగంట మోగింది.

భీమలింగం అటు నడవబోయాడు. కమలాకరం గారు చొక్కా పట్టుకుని ఆపారు. "ఎక్కడికి?"

"అడగడానికండీ."

"నియమము మరిచితిరా? ప్రధానాన్వేషకులే దారి అడిగినచో ఇంక సంస్థ ఎందుకు? పైగా వారు చూచుచున్నారు."

భీమలింగం వెనక్కి తిరిగి చూశాడు. సర్వేశ్వరరాజు నిజంగానే చూస్తున్నాడు, అయితే ఆ చూపు ఏ పోటీదారుడిదీ కాదు. ఒక్కరైనా వెళ్ళి అడిగితే బాగుండునని అతని మొహమంతా రాసి ఉంది. కుంటుతున్న ఫొటోగ్రాఫరు పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"తమరు తప్పిపోయే ఉండండి సార్" అన్నాడు భీమలింగం చొక్కా నెమ్మదిగా విడిపించుకుంటూ. "నేనొక్కణ్ణే కాసేపు ఆపుతాను."

దారి అడగడంలో ఒక పద్ధతి ఉంది. జీవితమంతా అడిగినవాడికి తప్ప అది పట్టుబడదు. ముందు దారి అడగకూడదు. ఆవు దగ్గర రాయి మీద కూర్చున్న ముసలావిడను చూసి భీమలింగం, "చూడి ఆవులా ఉందే అమ్మా" అన్నాడు. ఆవిడ ఆవు సంగతులు చెప్పింది, వాన సంగతి చెప్పింది, కోడలి సంగతి కొంచెం చెప్పింది. ఆయన పక్కనే చతికిలబడి అన్నీ విన్నాడు. అప్పుడు అడిగాడు. "ఈ చోటునేమంటారమ్మా? రోడ్డుకెలా ఎల్లాలి?"

"దేవరమడుగంటారు బాబూ. ఆ ఇప్పచెట్టు దిగితే రోడ్డే. బస్సొచ్చే యేళయింది, బేగెల్లండి." ఆవిడ ఆయన వెనక పొదల్లోకి చూసింది. "ఆ రాళ్ళెందుకు మోత్తన్నారు, సమాధులకా?"

"ఇంకా తేలలేదమ్మా" అన్నాడు భీమలింగం.

ఇప్పచెట్టు దిగితే నిజంగానే తారురోడ్డు ఉంది. పొద్దుటి నుంచీ పిలిస్తే పలికేంత దూరంలోనే తిరుగుతున్నారన్నమాట. డైరెక్టర్లిద్దరూ రోడ్డును చూశారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, రోడ్డు కనబడలేదని ఒక అంగీకారానికి వచ్చారు. బస్సు మాత్రం కనబడింది. అందరూ ఎక్కేశారు. ఫలకాలు వానలో అక్కడే ఉండిపోయాయి.

కండక్టరు వచ్చాడు. "ఎక్కడెక్కారండీ?"

ఫలకం మోసిన మనుషులు డైరెక్టర్ల వైపు చూశారు.

"టిక్కెట్టు కొట్టాలండి. ఎక్కిన స్టేజీ చెప్పండి."

కమలాకరం గారు కిటికీలోంచి చూస్తున్నారు. సర్వేశ్వరరాజు టోపీ సర్దుకుంటున్నాడు. ఎక్కిన చోటు పేరు తెలుసని ఒప్పుకుంటే ఆ రోజు జరిగిందంతా వట్టి షికారు అవుతుంది. కండక్టరు వీళ్ళను తేరిపార చూసి, డ్రైవరుకు వినబడేలా, బస్సు ఆపేస్తానన్నాడు. వాన జోరందుకుంది. ఫొటోగ్రాఫరు వాచిన కాలు సీటు మీద చాపుకుని మూలుగుతున్నాడు.

ఒక్క మాట పలికితే ఏమవుతుందో భీమలింగానికి తెలుసు. అద్దాల బీరువా, శాలువా, కళ్ళజోడు తుడుచుకున్న ఆ క్షణం, అన్నీ ఆ మాటతో పోతాయి. మళ్ళీ తూనికల శాఖ, మళ్ళీ తన మీద తనే వేసుకునే జోకులు. ఒక్క సాయంత్రం పాటైనా గొప్పవాడిలా ఇంటికి వెళ్ళాలని ఉండింది.

"దేవరమడుగు" అన్నాడు. "అందరికీ చింతలమెరకకి కొట్టండి."

ఆ నెలలో రెండు సంస్థలకూ ప్రశంసలు వచ్చాయి. ఒకరినొకరు కనుక్కున్న సంస్థలు దేశంలో మరెక్కడా లేవని పైవారు రాశారు. అదే టపాలో భీమలింగానికి ఉత్తర్వు వచ్చింది. ఎక్కిన స్థలము పేరు బహిరంగముగా పలికినందున, సహజ దిగ్భ్రమ కోల్పోయినట్లు భావించి, మాతృశాఖకు తిప్పి పంపడమైనది. పక్క జిల్లా వారి నివేదికలో ఆయన ఫొటో కూడా పడింది. కింద 'కొత్తగా కనుగొనబడిన అరణ్యవాసి, స్నేహశీలి' అని ఉంది. కాకినాడ ఆఫీసులో ఆ పేజీని అందరికీ చూపించింది కూడా ఆయనే.

"అన్వేషకుణ్ణి అవుదామని పోతే నన్నే కనుక్కుని పంపించారండి" అని చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వాడు. ఈసారి పెద్ద నొప్పి అనిపించలేదు. చింతలమెరక తప్ప ఇంకే చోటూ ఆయన బుర్రలో నిలవలేదు గనక, వారం తిరక్కుండానే పాత మలుపు దగ్గర మళ్ళీ మోసపోయాడు. సంస్థ వారు అది గమనించి మళ్ళీ పిలుస్తారేమోనని మాత్రం కొన్నాళ్ళు భయపడ్డాడు.

ఆ చలికాలం కమలాకరం గారికి కాకినాడలో సన్మానం ఏర్పాటు చేశారు. ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. దుర్భిణితో, టోపీతో ఆయన బొమ్మ, కింద 'అన్వేషణ శిరోమణి'. భీమలింగానికి పిలుపు రాలేదు. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని చెప్పు తెగితే కుట్టుకుంటూంటే ఫోను మోగింది.

"భీమలింగం గారూ, నేను, కమలాకరాన్ని." గొంతు చాలా చిన్నగా ఉంది. "గెస్టు హవుసు నుంచి అలా నడుద్దామని బయల్దేరాను. సభ మొదలయ్యే వేళయింది. నేనెక్కడున్నానో తెలియడం లేదు."

భీమలింగం చెప్పు పక్కన పెట్టాడు. "ఎదురుగా ఏం కనిపిస్తోందండీ?"

"నా ఫ్లెక్సీ."

"ఊరంతా అవేనండి. ఇంకేవైనా?"

"ఇంకేమీ లేదు. ఒకావిడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది."

"ఆవిణ్ణి అడగండి."

కమలాకరం గారు, చిన్నపిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు, "నాకు అడగడం రాదయ్యా" అన్నారు. "ఎప్పుడూ అడగలేదు. పైన నా బొమ్మ ఉంది."

అంతకుముందయితే ఇది ఆఫీసులో చెప్పడానికి ఎంత మంచి కథో అనుకునేవాడే. ఇప్పుడు భీమలింగానికి నవ్వు రాలేదు. ఆ తెలియకపోవడం ఎలా ఉంటుందో, అది ఒక్కడే ఉన్నప్పుడు ఎంత పెద్దదో ఆయనకు తెలుసు.

"ఫోను ఆవిడ చేతికివ్వండి సార్. ఏం ఫర్వాలేదు, ఇవ్వండి."

కాసేపటికి కొత్త గొంతు పలికింది. "ఎవరండీ?"

"అమ్మా, పొత్తులు బాగా కాలుతున్నాయా?"

"ఏం కాలుతున్నాయండీ, మంచుకి బొగ్గులన్నీ చెమ్మ."

"అవునులే, ఈ ఏడు మంచు ముందే వచ్చింది. నీ పక్కన నిలబడినాయన మా మనిషేనమ్మా. కొంచెం కొత్త. ఒక లేత పొత్తిచ్చి బల్ల మీద కూచోబెట్టు. మీరెక్కడున్నారో చెబితే నేనొచ్చి తీసుకెళతాను."

ఆవిడ చెప్పింది. ఏదో సినిమా హాలు వెనక, ఏదో మిల్లు పక్కన. భీమలింగం శ్రద్ధగా విని, ఫోను పెట్టేసి, చొక్కా తొడుక్కున్నాడు. తెగిన చెప్పు వదిలేసి పాత జోడు వేసుకున్నాడు.

సత్యవేణి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. "అదెక్కడో తెలుసా మీకు?"

"తెలీదు. అడుగుతూ వెళతాను."

గేటు తీసి, ధీమాగా ఎడమవైపు తిరిగాడు.

"కుడికండీ" అంది సత్యవేణి, చేట మీద నుంచి తల ఎత్తకుండానే.